దాదాపీర్ ఈదించిన ట్యాంకు

మన ఆదోని వైపు నుంచి పటాలానికి పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ యుద్ధపు ట్యాంకు తోలిన మనిషి ఎవరని అడిగితే చెప్పుకోవడానికి దాదాపీర్ ఒక్కడే. కోసిగి దగ్గరి పల్లెలో ఐదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత మేకలు కాసి, బళ్ళారిలో మిలిటరీకి మనుషుల్ని ఎంచుతున్నారని తెలిసిన రోజే రైలెక్కిన ధైర్యం ఆయనది. పంజాబు ఎండలు, అస్సాం వానలు చూశాడు. నాలుగు భాషలు నేర్చాడు. డెబ్భై ఒకటో సంవత్సరం యుద్ధంలో బంగాళానికి ట్యాంకు తోలుకుపోయి, రొమ్ము మీద మెడళ్ళతో తిరిగొచ్చాడు.

పింఛను వచ్చిందని కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడా అంటే అదీ లేదు. ఆదోని జిన్నింగు మిల్లులో లారీ పట్టుకున్నాడు. పత్తి బోరాలు మేడంత ఎత్తు వేసినా ఏనాడూ బండిని గుంతలో దించలేదు. ఆదోని, ఎమ్మిగనూరు రోడ్ల మీద నేడు లారీలు తోలేవాళ్ళలో సగం మందికి గేరు మార్చడం నేర్పింది ఆయన చెయ్యే. మిల్లు పెద్ద ఇంజను మొరాయిస్తే మెకానిక్కు కంటే ముందు ఆయన్నే పిలిచేవారు. ఆగస్టు జెండా ఎగరాలన్నా తాడు ముడి వేయవలసింది ఆయనే.

ఇంత మనిషి మాటను ఊరు ఒక్క విషయంలో మాత్రం నమ్మలేదు. తన ట్యాంకు నీళ్ళలో ఈదిందని ఆయన చెప్పేవాడు. అవతలి గట్టు కనబడని నదిని ఇనుప ట్యాంకుతో పడవలా దాటించానని చెప్పేవాడు. వాన చినుకు పడితేనే విశేషంగా చెప్పుకునే ఊళ్ళో ఆ మాటను నమ్మేదెవరు? టీ హోటలు నబీ సాబ్ అయితే ఆయన్ను కథ పూర్తి చేయనిచ్చిందే లేదు.

"వెనక రెండు బొక్కలుంటాయి నబీ. అడుగున నీళ్ళు గుంజుకుని, వెనక బొక్కల్లోంచి చిమ్ముతాది. ఆ ఊపుకే ముందుకు పోతాది" అని దాదాపీర్ మొదలుపెట్టేవాడు.

"అంటే పంపుసెట్టు మాదిరి?"

"అట్లే అనుకో."

"అయితే మా మామ పంపుసెట్టును కట్టెయ్యాలప్పా. లేకుంటే అదేనాడో హగరి ఏరు ఈదుకుంటా బళ్ళారికి పోతాది!"

హోటలంతా నవ్వేది. దాదాపీర్ టీ సగంలోనే వదిలి లేచి వచ్చేవాడు. ఎనిమిదేళ్ళుగా ఇదే వరస.

ఎనభై నాలుగులో అబ్దుల్ గనీ ఫ్యాన్సీ అంగడికి బొంబాయి నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. గనీ బావమరిది తెచ్చాడు. అందులో ఉన్నది ట్యాంకు బొమ్మే, కానీ తునకలు తునకలుగా. ఆకుపచ్చ ప్లాస్టిక్కు చట్రాలకు చక్రాలు, గొట్టాలు, మూతలు కాయల్లా అతుక్కుని ఉన్నాయి. వాటిని విరుచుకుని, జిగురు పెట్టి బిగించుకోవాలి. రష్యా వాళ్ళ పీటీ ట్యాంకు, యాడ బడితే ఆడ దొరికే సరుకు కాదని బావమరిది చెప్పిపోయాడు. ఎట్లా బిగించాలో చూపే బొమ్మల కాగితం దారిలో తడిసి సగం ముద్దయిపోయింది.

ఆ పనికి గనీ ఎంచుకున్నది ఎమ్మిగనూరు రామాంజనేయులును. జకార్డు మగ్గం మీద ఆయన నేసిన పూల దుప్పట్లు ఓడలెక్కి పరదేశాలకు పోతాయి. వెంట్రుకంత పోగు తెగినా కంటితో చూడకుండా వేలితో కనిపెట్టే నేర్పరి. ఆయన ఒక్క తునక మిగల్చకుండా బిగించి ఇచ్చాడు. చూసినవాళ్ళంతా భళా అన్నారు. నబీ సాబ్ మాత్రం దాన్ని వెనక్కి తిప్పి చూసి, పగలబడి నవ్వాడు. వెనక భాగం రొట్టెల పెనంలా నున్నగా ఉంది. ఒక్క బొక్కా లేదు.

ఆ నవ్వు సాయంత్రానికల్లా దాదాపీర్ ఇల్లు చేరింది. భార్య మున్నీ బీ గడపకు అడ్డం నిలబడింది.

"గనీ పిలుస్తాండాడని పోవద్దు. ఆ బొమ్మకు ఎనక బొక్కల్లేవంట. అందరూ నీ మొగం సూసేకే కాసుకోనుండారు."

"పోకుంటే నేను అబద్ధమాడినట్లే కదా?"

"అయితే ఆ మెడళ్ళన్నా పెట్టుకోని పో."

"అవెందుకు? సెప్పాల్సింది నా నోరు" అని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయలుదేరాడు.

అంగడి నిండా జనం. రామాంజనేయులు కూడా నూలు కొనడానికి ఊళ్ళోకి వచ్చి, తన పనితనం మీద తీర్పు వినడానికి ఆగిపోయాడు. గనీ బొమ్మను రెండు చేతులతో అందించాడు.

"భాయ్, నువ్వు తోలినది ఇదేనా కాదా, సూసి సెప్పు. నువ్వు ఖరే అంటే అద్దాల బీరువాలో పెడతా. కాదంటే అటకెక్కిస్తా."

దాదాపీర్ దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. ఎద్దును బేరమాడేవాడు పళ్ళు, గిట్టలు చూసినట్టు ఒక్కొక్కటే చూశాడు.

"పక్కకు ఆరు చక్రాలు. సరి. చక్రాల సుట్టూ తిరిగే పట్టాను పైన మోసే సిన్న చక్రాలు లేవు. అదీ సరే, దీనికి ఉండవు. తోలేవాని సోటు నడిమధ్యన. సరి. ముందర మడిసిన పలక ఉండాది సూడండి, నీళ్ళు మీదికెక్కకుండా లేపేది. సరి. పైన ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద మూత. బలే! ఆ మూతకు నా తల ఎన్నిమార్లు తగిలిందో!"

"ఎనక గూడా సూడు భాయ్" అన్నాడు నబీ సాబ్ నెమ్మదిగా.

దాదాపీర్ తిప్పాడు. నున్నటి పలక. ఆ బొక్కల్ని మూసే, తను చేత్తో తుడిచిన తలుపులు, తను గ్రీజు పెట్టిన మడతబందులు ఉండవలసిన చోట ఏమీ లేవు.

"బొమ్మ చేసినోడు తప్పు చేసినాడని మాత్రం అనొద్దు. అన్నీ సరి అని నువ్వే అంటివి" అన్నాడు నబీ సాబ్. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

దాదాపీర్ ట్యాంకును వెల్లకిలా తిప్పాడు. పొట్ట కింద జల్లెడలాంటి గళ్ళు ఉన్నాయి. వాటి మీద బొటనవేలు పెట్టి తలెత్తాడు.

"ఇదో, నీళ్ళు గుంజుకునే జల్లెడ. నీళ్ళు ఈడ దూరితే యాడో ఒకచోట బయటికి రావాల గదా? రామాంజనేయులూ, ఎనక పలక బిగించేటప్పుడు రెండు పక్కలా సూసినావా?"

"సూడకుండా బిగిస్తానా అన్నా? ఒక పక్క నున్నగా ఉండె. ఇంకో పక్క రెండు గడ్డలుండె. గడ్డల పక్క లోపలికేసి పెట్టినా."

"లోపలికెందుకు?"

"అదేమన్నా అట్లంటావు! మగ్గం మీద మేం దుప్పటి బోర్లా నేస్తాం. పూలు కింది పక్క పడతాయి. మా కండ్లకు పైన కనపడేదంతా పోగులు తేలిన తిరగ పక్కే. గరుగ్గా ఉండేది లోపలికి, నున్నగా ఉండేది..."

రామాంజనేయులు బొమ్మ వైపు చూశాడు. దాదాపీర్ వైపు చూశాడు.

"ఆ గడ్డలు గుండ్రంగా ఉండెనా, బొక్కల్ని మూసే తలుపుల మాదిరి?" దాదాపీర్ అడిగాడు.

"గుండ్రంగానే ఉండె" అన్నాడు రామాంజనేయులు చిన్న గొంతుతో.

"పలక తీయి."

గనీ అడ్డం వచ్చాడు. "జిగురు రాయి మాదిరి గట్టిపడింది భాయ్! విరిగితే ఇంకోటి యాడ తెచ్చేది? తీసినాక ఆ గడ్డలు నీ తలుపులు కాకుంటే?"

"కాకుంటే ఆ మాట ఈ జన్మలో మళ్ళీ ఎత్తను. మీ అందరి ముందర సెప్తాండా" అన్నాడు దాదాపీర్.

రామాంజనేయులు రొండిలోంచి పోగులు కత్తిరించే బ్లేడు తీశాడు. "నేను పెట్టింది, నేనే తీస్తా" అని కింద కూర్చుని, బొమ్మను తొడల మధ్య ఇరికించి, పలక అంచు వెంబడి బ్లేడు కదిలించాడు. పుటుక్కుమని చప్పుడైంది. గనీ కళ్ళు మూసుకున్నాడు.

పలక చెక్కు చెదరకుండా ఊడి వచ్చింది. రామాంజనేయులు దాన్ని తిరగేసి దాని చోట ఆనించి పట్టుకున్నాడు. గుండ్రటి తలుపులు రెండు, పక్కపక్కన, చిన్న చిన్న మడతబందులతో సహా బయటపడ్డాయి.

"ఇవే" అన్నాడు దాదాపీర్.

"నీటి తొట్టి తెప్పించు గనీ, ఈదుతాదేమో సూద్దాం" అని ఎవరో కేకేశారు.

"బొమ్మ తేలితే ఏమి గొప్ప? పుల్ల గూడా తేలుతాది" అన్నాడు దాదాపీర్, మళ్ళీ రొమ్ము విరుచుకుని. "నేను ఈదించింది పద్నాలుగు టన్నుల ఇనుము!"

గనీ బీరువా తలుపు తెరిచి నడిమి అరలో గాజుల డబ్బాలు పక్కకు జరిపాడు. నబీ సాబ్ ఆ తలుపుల్నే చూసి, ముక్కాలి పీట లాక్కుని దాదాపీర్ ఎదురుగా కూర్చున్నాడు. హోటల్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన సంగతే మరిచిపోయాడు.

"భాయ్, మొదట్నుంచి సెప్పు. నీళ్ళలోకి దిగినప్పుడు భయం కాలేదా?"

ఆ ప్రశ్న అడిగిన మనిషి ఎనిమిదేళ్ళలో అతనే మొదటివాడు.

"భయపడేకి పురుసత్తు యాడుండె నబీ? ముందర అద్దంలో సూస్తే నీళ్ళే. కాళ్ళ కింద ఇంజను గుర్రుమంటాది. ట్యాంకు మీద జవాన్లు కూసోనుండారు, వాళ్ళలో సగం మందికి ఈత రాదు. నేను రవ్వంత వంకరగా తిప్పితే అందరూ నీళ్ళలోనే."

"ఆఁ, అప్పుడు?"

"అప్పుడేమి, తిప్పలేదు. ఒంటి గీత గీసినట్ల తోలినా. అవతలి గట్టెక్కినాక వాళ్ళు దిగి, ఒకరి కాళ్ళు ఒకరు సూసుకున్నారు." దాదాపీర్ తన చెప్పుల వైపు చెయ్యి చూపించాడు. "ఒక్కని బూటు గూడా తడవలేదు."