మా కొట్లో దొరకని కొసరు బెల్లం

మా చిన్నప్పుడు సాయంత్రం బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగిందంటే చాలు... దిగినవాళ్ళందరూ నేరుగా సింహాచలం మావ కొట్టుకే నడిచేవాళ్ళు. మా నాన్న కొట్టూ అదే వరసలోనే... కాకపోతే ఈ చివర. ఆయనది ఆ చివర. మధ్యలో టైలరు, సైకిలు షాపు, మంగలి కొట్టు. మా అరుగు మీద కూర్చుని, సంచీ పట్టుకుని అటు పోయే ప్రతి మనిషినీ చూసి నేను కుళ్ళుకునేవాణ్ణి.

విజయనగరం ఊరి చివర మా పేటకి అప్పట్లో ఆ కొట్ల వరసే బజారు. రెండు చివర్లా రెండు పచారీ కొట్లు. అవే పప్పులు, అదే ఉప్పు, అదే కిరసనాయిలు... తేడా అంతా కొసరులోనే ఉండేది.

సింహాచలం మావ సరుకు పొట్లం కట్టి ఇచ్చాక, దిమ్మ నుంచి చిన్న బెల్లం ముక్క గిల్లి పిల్లల అరచేతిలో పెట్టేవాడు. తూకానికి పైన, ఊరికే... అదీ కొసరంటే. ఆ ముక్క కోసం పేటలోని పిల్లలందరూ ఇంట్లో దెబ్బలాడి మరీ సరుకులకి వచ్చేవాళ్ళు. తిరిగి వెళ్తూ మా కొట్టు ముందు నుంచే, నాలిక చాపి నాకు చూపించి మరీ చప్పరించేవాళ్ళు.

కొట్టు నిండా బెల్లం పెట్టుకుని ఈ ఏడుపేమిటి అంటారేమో... ఇంట్లో బెల్లం ఇంట్లో బెల్లమే. ఒకరు పిలిచి మన చేతిలో పెట్టిన ముక్క రుచి వేరు. అది తిన్నవాళ్ళకి తెలుస్తుంది. తినని నాకు ఇంకా బాగా తెలుసు.

ఉండబట్టలేక ఒకరోజు నాన్ననే అడిగాను. "నానా, మనవూ కొసరు పెడదాం. గుంటలందరూ ఆ సివరకే ఎల్లిపోతన్నారు."

నాన్న తక్కెడ ముల్లు మీంచి చూపు తిప్పలేదు. "నా తూకం సరిగ్గుంటాది. తూకంలో కొట్టీసినోడు పెడతాడ్రా కొసరు. నాకేటవసరం?"

లోపల్నుంచి అమ్మ అంది, "అలగే కూకోండి. సాయంత్రందాకా మీరూ ఆ ముల్లూ ఒకరి మొకం ఒకరు సూసుకోండి."

అప్పుడు అర్థమైంది... కుళ్ళు నా ఒక్కడికే కాదు, మా నాన్నకీ ఉందని.

ఇక సిగ్గు విడిచి ఆ చివరకే వెళ్ళాను. "మావా, నాకూ ఓ ముక్క పెట్టు" అని చెయ్యి చాపాను. సింహాచలం మావ పకపకా నవ్వాడు. "ఒరే, కొట్టు నిండా బెల్లమెట్టుకుని నాకాడికొచ్చినావేట్రా? ఎల్లి మీ నాన్న కొట్లో అడుగు." చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయన కొడుకు అప్పల్నాయుడు. నా ఈడువాడు, వరసకి నాకు బావ. వాడి బుగ్గలో బెల్లం ముక్క ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది.

ఆ చెయ్యి అలాగే ముడుచుకుని వచ్చేశాను...

తర్వాత రోజులు మారాయి. బస్టాపు కొత్త రోడ్డుకి మారిపోయింది. చల్లగా ఏసీ వేసిన పెద్ద దుకాణాలు వచ్చాయి. ముందు ఆ చివర కొట్టు మూతపడింది. హమ్మయ్య అనుకునేలోపే, నాన్న తర్వాత నేను నడిపిన ఈ చివర కొట్టూ మూతపడింది. వరసంతా తుప్పు పట్టిన షట్టర్లే మిగిలాయి.

మళ్ళీ ఈమధ్యే మా చివర వెనకాల అపార్టుమెంట్లు లేచాయి. రాజాంలో పెద్ద దుకాణంలో బిల్లులు కొట్టే పని చేసిన మా అమ్మాయి రమణి వచ్చి, "నానా, తాత కొట్టు తెరుస్తాను" అంది. ఎవరొస్తారమ్మా అన్నాను... వచ్చారండీ. ఎంతమంది వచ్చారో నా కళ్ళతో నేను చూశాను. నా ఆనందం మాటల్లో ఎలా పెట్టాలో తెలియట్లేదు. మా అరుగు ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు. ఎప్పుడో నేను కథగా చెప్పింది మనసులో పెట్టుకుని, వచ్చిన పిల్లలందరికీ బెల్లం ముక్క పెడుతోంది నా తల్లి.

అయినా నా కుళ్ళు పోలేదు. పాతకాలపు ఆడవాళ్ళు వచ్చి ఏమంటారో తెలుసా... "అచ్చం సింహాచలంగారి కొట్టులాగే ఉన్నాదమ్మా" అంటారు. కొట్టు మాది, పేరు ఆయనది. పైగా అప్పల్నాయుడు రోజూ వచ్చి మా అరుగు మీదే కుర్చీ వేసుకుంటాడు.

"సూసినావా బావా, మా నాన్న సెయ్యే మీ కొట్లో ఆడతన్నాది" అన్నాడు నిన్న.

"కొసరు మీదైతే తూకం మాది. నోర్మూసుకుని కూకో" అన్నాను.

ఆ మాట లోపల రమణి విన్నట్టుంది. ఇంటికి పట్టుకెళ్ళమని కందిపప్పు పొట్లం ఇస్తూ, "నానా, సెయ్యి సాపు" అంది. నా అరచేతిలో బెల్లం ముక్క పెట్టింది. "సరుకు తీసుకున్నోళ్ళకి కొసరొద్దేటి?"

మా నాన్న కొట్లో, నా చేతిలో, కొసరు.

నోట్లో వేసుకున్నాను గానీ వెంటనే నమిలెయ్యలేదు. అప్పల్నాయుడి ముందు నుంచి నెమ్మదిగా, నాలికతో చప్పరిస్తూ నడిచాను. వాడు చెయ్యి చాపాడు. "నాకూ పెట్టు బావా."

"ఎల్లి మీ నాన్న కొట్లో అడుగు" అన్నాను.

వాడు నవ్వాడు. నవ్వుతూనే ఆ చివర తుప్పు పట్టిన షట్టరు వైపు చూశాడు. నాకు ముక్క నోట్లో ఆగలేదు. కొరికి సగం వాడి చేతిలో పెట్టాను. సగమే... మిగతా సగం మాత్రం ఇవ్వలేకపోయాను.

ఇప్పుడు ఫోను నొక్కితే సరుకు అట్టపెట్టెలో గుమ్మంలోకే వస్తోంది. తూకంలో రవ్వంత తేడా ఉండదట. కానీ చెయ్యి చాపితే ఆ పెట్టెలోంచి కొసరు పెట్టేవాళ్ళెవరు...

మీ పేటలో ఏ కొట్టువాళ్ళు ఏం కొసరు పెట్టేవారో కింద రాయండి. మరీ పెద్ద ముక్క దొరికినవాళ్ళు మాత్రం రాయకండి... ఈ వయసులో కూడా నేను తట్టుకోలేను.