జోవియల్ పుట్టిల్లు

ఆటోనగర్ పక్కన మా బడిలో ఇంగ్లీషు చెప్పిన టీచర్ ఏ మాటనైనా అర్థం చెప్పి వదిలేసేవారు కాదు. "దీని పుట్టిల్లెక్కడో చూద్దామర్రా" అనేవారు. అలా టైమ్ వృథా చేస్తున్నారని ఎవరో ఫిర్యాదు చేస్తే, ఒక అధికారి తనిఖీకి వచ్చారు. మెకానిక్ కూతురినైన నన్ను లేపి, "జోవియల్ అంటే?" అని అడిగారు.

"సరదాగా ఉండే మనిషండీ. జోవ్ రోమన్ల దేవుడండీ. గురుగ్రహం ఆయనదే. ఆ గ్రహబలంతో పుట్టినవాళ్లు నవ్వుతూ ఉంటారని పూర్వం నమ్మేవారంటండీ."

"ఇదంతా సిలబస్‌లో ఉందా మేడమ్?"

"లేదండీ. మా పిల్లకి మాత్రం వచ్చండీ" అన్నారు టీచర్, తలెత్తి.

అధికారి ఫైలు మూసి ముందు బెంచీలో కూర్చున్నారు. "శనిగ్రహం పేరుతో కూడా మాటేదైనా ఉందాండీ?"

టీచర్ నావైపు తిరిగారు. "రామ్మా" అంటూ సుద్దముక్క నా చేతికిచ్చారు. బోర్డు మీద 'సాటర్నైన్' అని తప్పులేకుండా రాసి, పక్కనే 'ఎప్పుడూ ముభావంగా ఉండే మనిషి' అని అర్థం కూడా రాశాను.