మొదటి ముక్క

చివరి రోజు సాయంత్రం మా పెద్దమ్మ షాపులో లోహం కోసే లేత్ యంత్రాన్ని గుడ్డతో తుడిచి, దాని మీద పాత దుప్పటి కప్పి, కొసలు చంటిపిల్లకు దోపినట్టు లోపలికి దోపింది. మోటారు పక్కన గోడకు బిగించిన తెల్లపెట్టె మీద దుమ్ము కనిపిస్తే, "నీకు వేరే చెప్పాలా, తుడవమని నోరు తెరిచి అడగలేవూ" అని ఆ పెట్టెను కసురుతూ దాన్నీ తుడిచింది. షట్టర్ దించి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి నాతో ఇంటికి వచ్చింది. ఇంటివీ షాపువీ కలిపిన తాళంచెవుల గుత్తిని ఎప్పటిలాగే చెప్పుల్లో పెట్టింది. పొద్దున నడకకు వెళ్లేటప్పుడు మర్చిపోకుండా ఉంటుందట. మర్నాడు గేటు చప్పుడు వినిపించలేదు. నిద్రలోనే పోయింది.

ఆమె మా అమ్మకు అక్క. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోతే తనే పెంచింది. అప్పటికే ఆమె ఒంటి మీద యంత్రాల నూనె వాసన ఉండేది. తల్లి వాసన అంటే అదేననుకుంటూ పెరిగాను.

టైర్ల దుకాణం వెనక రెండు గదులు మా షాపు. మూడు యంత్రాలు, ఆరుగురు మనుషులు. నీటి పంపుల్లో వేసే బుష్‌లు చేసేవాళ్లు. బొటనవేలంత లావున్న లోహపు గొట్టాలు అవి. మిల్లీమీటరులో వందో వంతు అటూ ఇటూ అయితే పనికిరావు. పెదనాన్న పోయినప్పుడు ఆయన అన్నగారు వచ్చి, "ఆడదానివి, ఇనుముతో నీకేం పనమ్మా, అమ్మేసెయ్" అన్నాడు. "నేను ఇనుముతో కాపురం చెయ్యట్లేదు బావగారూ, పని చేయిస్తున్నా" అంది. ఆయన మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

షాపులో ఒక పద్ధతి ఉండేది. పొద్దున ఎనిమిదికి లేత్ మీద కోసిన మొదటి బుష్‌ను అందరి ముందూ కొలిచేవాళ్లు. కొలత కుదిరితే సుద్దతో గుర్తు పెట్టి సాయంత్రం దాకా కిటికీ గట్టు మీద ఉంచేవాళ్లు. తప్పితే కోసినవాడు అందరికీ టీ తాగించాలి. లేత్ మీద పనిచేసేది మిల్లీమీటర్. మనిషి పొట్టి, పట్టింపులు బారెడు, అందుకే ఆ పేరు. పెద్దమ్మను అక్కా అనేవాడు, నేను మావయ్యా అనేవాణ్ణి. పద్నాలుగేళ్లలో ఆయన ఒక్కసారి కూడా టీ తాగించలేదు.

"చల్లటి లేత్ కొలత తప్పుతుందని మిగతా షాపులవాళ్లు పొద్దున్నే దాన్ని కాసేపు ఖాళీగా తిప్పి, దాని తల వేడెక్కాక కోస్తారు" అనేవాడు మీసం దువ్వుకుంటూ. "నా చేతికి ఆ అవసరం లేదు. ఏమంటావక్కా?"

"నీ చెయ్యి చెయ్యి కాదురా, కుంపటి" అనేది పెద్దమ్మ.

రెండేళ్ల కిందట పంపుల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే ఏడాది నుంచి ప్రతి సరుకుతోపాటు యంత్రం ఎప్పుడు తిరిగింది, ఎంత వణికింది, ఎన్ని ముక్కలు తప్పాయి అన్న కంప్యూటర్ లెక్క పంపాలి. లేకపోతే ఆర్డర్ లేదు. మాకున్న ఆర్డర్ అదొక్కటే. ఆ లెక్క రాసుకునే పెట్టెలను చిన్న షాపులకు ప్రభుత్వమే బిగించి ఇస్తోందని పేపర్లో చదివాను. నేను బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి, దరఖాస్తులు రాయడం నా వాటా. రాశాను. తిప్పి పంపారు. పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు బయలుదేరింది.

అక్కడి అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. లేచి కుర్చీ చూపించాడు.

"అమ్మా, పథకంలో యంత్రం వయసు పదిహేనేళ్లు దాటకూడదు. మీ లేత్‌కు నలభై ఒకటి."

"నాకు డెబ్బై సార్. నన్నేం చేస్తారు, తుక్కులో వేస్తారా?"

"మనుషులకు ఆ రూలు లేదమ్మా."

"అందుకే అడుగుతున్నా, దానికెందుకుందని."

ఆయన నవ్వాడు. "కొత్త యంత్రం కొనుక్కోండి, సగం మేమే ఇస్తాం."

"కొత్తదానికి ఇద్దరు మనుషులు చాలు. మిగతా నలుగురికి ఏం చెప్పమంటారో అది కూడా కాగితం మీద రాసివ్వండి, చదివి వినిపిస్తా."

ఆయన నవ్వు ఆగింది. "అది కాదమ్మా. పాత యంత్రం కొలత నిలబెట్టదు. పెట్టె పెడితే మీ తప్పులే రాసిపెడుతుంది."

"రాసుకోనివ్వండి. దాచుకోడానికి నా దగ్గరేం లేదు." సంచిలోంచి ఆ పొద్దుటి మొదటి బుష్ తీసి ఆయన కాగితాల మీద పెట్టింది. "కొలుచుకోండి. మళ్లీ వస్తా."

నాలుగుసార్లు వెళ్లాం. మూడోసారి గుమాస్తా, "మళ్లీ వచ్చారా" అన్నాడు. "రాకపోతే నీకు తోచదేమోనని" అంది. వెళ్లినప్పుడల్లా ఆ రోజు మొదటి ముక్క ఆయన బల్ల మీద పెట్టి వచ్చేది. నాలుగోసారి ఆయన పక్క గదిలోంచి కొలత పరికరం తెప్పించి నాలుగింటినీ కొలిచాడు. మళ్లీ మొదటిది కొలిచాడు. తేడా లేదు.

పైవాళ్లకు రాసి, ఒక పరీక్షకు ఒప్పించాడు. పెట్టె బిగిస్తారు, అరవై రోజులు చూస్తారు. వందలో రెండుకు మించి తప్పకూడదు. రోజూ మొదటి ముక్కతో సహా లెక్కేస్తారు. నెగ్గితే పెట్టె మాది, తప్పితే ఊడదీసుకుపోతారు.

ఆ అరవై రోజులూ షాపులో ఎవరూ గట్టిగా దగ్గలేదు. యంత్రం నడకను పెట్టె ఫోన్లో గీతగా చూపించేది; సాయంత్రాలు నేను వెళ్లి ఎనిమిది నుంచి అయిదు దాకా ఆ గీత చూసి ఫారం నింపేవాణ్ణి. ఫారం అడిగింది ఆ వేళలే. చివరికి వందకు ఒక తప్పు తేలింది. మొదటి ముక్క ఒక్క రోజూ తప్పలేదు.

మంజూరు కాగితం అధికారే స్వయంగా తెచ్చాడు. పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని నిలబడే చదివింది.

"ఒక మాట ఎక్కువ రాశారు సార్. 'యంత్రం పాతదైనప్పటికీ' అని. అది కొట్టేయండి."

"ఏదో మాటవరసకమ్మా."

"మీకు మాటవరస. అది వింటోంది" అంది లేత్ వైపు చూపించి.

ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ షాపు గోడకు ఉంది, కొట్టివేతతో సహా. ఏడాది పైన నడిచింది అలా. ఆర్డర్ నిలబడింది. ఆరుగురూ ఉన్నారు.

ఆమె పోయిన అయిదో రోజు షాపు తెరిచాం. మిల్లీమీటర్ మొదటి బుష్ కోసి, కొలిచి, మళ్లీ కొలిచి, వెళ్లి టీ చెప్పి వచ్చాడు. మర్నాడూ అంతే. ఆరు రోజులు వరసగా టీ తాగించాడు. ఎవరూ వేళాకోళం చెయ్యలేదు. ఆరో రోజు గ్లాసు పట్టుకున్న తన చెయ్యి చూసుకుంటూ, "అక్కతోపాటు ఇదీ పోయినట్టుంది" అన్నాడు. "ఇలాగే తప్పుతుంటే కంపెనీవాళ్లు ఊరుకోరు. ఆ పెట్టె ఏమంటోందో ఒకసారి చూడు."

నేను ఫోన్ తీశాను. అన్నాళ్లూ ఎనిమిది నుంచే చూసిన గీతను మొదటిసారి తెల్లవారుజాము నుంచి తెరిచాను.

ఆరూ నలభైకి గీత లేచింది. పదకొండు నిమిషాలు మోటారు తిరిగింది, ఏమీ కొయ్యలేదు. మళ్లీ ఆగింది. ఆమె పోవడానికి ముందు రోజు ఉంది. దాని ముందు రోజు ఉంది. అరవై రోజుల పరీక్షలో అరవై సార్లు ఉంది. జ్వరంతో ఉన్నప్పుడు వద్దన్నా వినకుండా నడకకు వెళ్లిందని నేను కోప్పడిన రోజు కూడా ఉంది.

మిల్లీమీటర్ ఫోన్ అందుకుని వేలితో ఒక్కో రోజూ వెనక్కి జరిపాడు.

"ఎప్పట్నుంచి?"

"పెట్టె బిగించిన మర్నాటి నుంచి మావయ్యా."

"అంతకు ముందో?"

"అంతకు ముందు పెట్టె లేదు."