సమ్మె కాలంలో సుల్తానా చెప్పిన సీరియల్

మధ్యాహ్నం నమాజు అయ్యాక రహమత్బీ ఇప్పుడు బట్టలు ఉతుకుతోంది. ఇదివరకు ఆ పని పొద్దున్నే అయిపోయేది. మధ్యాహ్నం వేళ కూరగాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. చూడ్డానికి కాదు, వినడానికి. టీవీలో అమెరికా వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చున్న తోడికోడలు సుల్తానా ఆ కథంతా తెలుగులో చెప్పుకుంటూ పోయేది. ఇప్పుడు ఆ టీవీ మీద గుడ్డ కప్పి ఉంది. వాషింగ్ మిషన్ ఉన్నా రహమత్బీ బకెట్టులో చేత్తోనే ఉతుకుతోంది. నీళ్ళ చప్పుడు వినపడుతుంటే, ఇంట్లో మాట లేదన్న సంగతి కాసేపు మరుపున పడుతుంది.

వాళ్ళు ప్రొద్దుటూరు పక్క పల్లె నుంచి వచ్చిన నూర్‌బాషాలు. ఇంట్లో మాట తెలుగే. రహమత్బీ భర్త మహబూబ్ సుభాని, మరిది ముస్తాక్ ఇద్దరూ సౌదీలోని యాన్బులో ఫ్యాక్టరీ మెషిన్ల దగ్గర కాంట్రాక్టు పని చేస్తారు. అన్నదమ్ములవి ఒకే అంతస్తులో ఎదురెదురు వాటాలు. అత్త జైనాబీ పెద్దకొడుకు దగ్గరే ఉంటుంది. ఆమె కళ్ళకు పొరలు కమ్మి, వెలుగు తప్ప బొమ్మ తెలిసేది కాదు. రహమత్బీ ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. నలుగురిలో నోరు విప్పాలంటే గొంతు తడారిపోయేది. డిగ్రీ చదివి, గలగలా మాట్లాడే సుల్తానా వచ్చాకే ఆ ఇంట్లో మధ్యాహ్నాలకు ఒక రుచి వచ్చింది.

సీరియల్ ఒక మంచు ఊళ్ళోని చిన్న ఆసుపత్రి కథ. అందులో హెలెన్ అనే నర్సు, భర్త పోయిన పిల్ల. ఆమెను కాల్చుకు తినే హెడ్ నర్సు ఒకతె. సుల్తానా అందరికీ వరసలు కలిపి చెప్పేది. పెద్ద డాక్టరు పెదనాయన, మందుల కొట్టాయన చిన్నమామ. జైనాబీ మంచం మీద నుంచే హెడ్ నర్సుకు శాపాలు పెట్టేది.

"దాని నోరు పడిపోను. ఆ పిల్లను ఒక్క పూటన్నా నిలవనిస్తాదా అది?"

"ఆయమ్మకు వినపడదులే అత్తా, శానా దూరం," అనేది సుల్తానా.

రెండువేల ఇరవైమూడులో, ఎండలు తగ్గాక, కథ మలుపు తిరిగింది. హెలెన్ ఉద్యోగం మానేసి, సరస్సు ఒడ్డున ఒంటరిగా ఉంటున్న మామ దగ్గరికి వెళ్ళింది. కొడుకు పోయిన రోజు నుంచి ఆ ముసలాయన కోడలితో మాట్లాడడు. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. జైనాబీకి ఆ ముసలాయన ధ్యాస పట్టుకుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి, ఈరోజన్నా నోరు తెరుస్తాడా అని ఎదురుచూపు.

రహమత్బీకి అప్పుడప్పుడూ చిన్న అనుమానాలు వచ్చేవి. ఒకసారి బెండకాయ కోస్తూ తలెత్తి చూసి, "ఈ సొక్కా మొన్న గూడా ఏసుకున్యాడు గదా ఈ డాక్టరు?" అంది.

"చలి దేశంలో బట్టలు దినామూ ఉతకరక్కా," అంది సుల్తానా కన్ను ఆర్పకుండా.

ఇంకోసారి ముసలాయనకు జ్వరమొస్తే హెలెన్ సంగటి కెలికి పెట్టిందని చెప్పింది.

"అమెరికాలో సంగటేంది మ్మే?"

"అట్లాంటిదే అక్కా. వాళ్ళు ఓట్స్‌తో చేసుకుంటారు."

ఆ నెలల్లోనే సుల్తానా కడుపునొప్పికి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతోంది. జెద్దాకు తీసుకుపోతే కడుపులో గడ్డ అన్నారు, ఆలస్యమైందన్నారు. వచ్చి, నడుము కింద దిండు పెట్టుకుని, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మొదలుపెట్టేది. చెప్తున్నంతసేపూ ఆ ముఖంలో నొప్పి కనపడేది కాదు.

ఆఖరిసారి చెప్పిన రోజు, ముసలాయన ఎవరికీ చెప్పకుండా తలుపు తీసుకుని మంచులోకి వెళ్ళిపోయాడు. హెలెన్ లాంతరు పట్టుకుని వెనకాలే పోయింది. "ఆయన అడుగుల గుర్తుల మీద గూడా మంచు కప్పుకుంటాంది," అని చెప్పి, సుల్తానా కళ్ళు మూసుకుంది. "ఈ పొద్దుకు చాలత్తా. ఆయాసమొస్తాంది."

తెల్లవారి ఆసుపత్రిలో చేర్చారు. జనవరిలో పోయింది.

అక్కడ ఆడవాళ్ళు ఖబరస్తానుకు పోరు. మగవాళ్ళు పోయి మట్టి ఇచ్చి వచ్చారు. ఏ వరసలో పెట్టారో ముస్తాక్ చెప్పాడు గానీ, రాతి మీద పేరుండదన్నాడు. చూడని చోటును రహమత్బీ మనసులో ఎట్లా అనుకున్నా నిలవలేదు. ముస్తాక్ వాటా ఖాళీ చేసి కంపెనీ క్యాంపుకు పోయాడు. ఎదురు తలుపుకు తాళం పడింది.

నలభై దినాల ఫాతిహా అయ్యాక జైనాబీ అన్నం తగ్గించేసింది. రెండు ముద్దలు తిని పళ్ళెం తోసేసి, రోజూ అదే మాట అడిగేది.

"మ్మే రహమత్, ఆ ముసలోడు ఇంటికొచ్చినాడా?"

"తెలీదత్తా."

"సచ్చినాడేమో. సలిలో ఎంతసేపుంటాడు?"

చచ్చాడేమో అన్నప్పుడు ఆమె అడిగేది ముసలాయన ఒక్కడి గురించే కాదు. రహమత్బీకి అది తెలుసు. ఆ ముసలాయన ఇల్లు చేరాడని ఎవరైనా చెప్పకపోతే, అత్త కూడా అట్లాగే ఎటో వెళ్ళిపోతుందని భయం పట్టుకుంది.

కింది అంతస్తులో ఇంజనీరు భార్య శ్రీలత ఉంది, గుడివాడ అమ్మాయి. ఆమె ఆ సీరియల్ చూస్తుందని సుల్తానా ఎప్పుడో అంది. ఒక మధ్యాహ్నం రహమత్బీ బట్టలు బకెట్టులోనే వదిలి, అబాయా వేసుకుని మెట్లు దిగింది.

"రండి రండి, మీరు మా ఇంటికి రావడమే," అంది శ్రీలత. సంగతి విని వెంటనే టీవీ పెట్టింది. "మంచి టైముకు వచ్చారు. కొత్తవి మొన్ననే మొదలయ్యాయి."

తెర మీద హెలెన్ కనపడింది. అదే ఆసుపత్రి, అదే నడవా, అదే హెడ్ నర్సు మూతి. శ్రీలత ఒక్కో మాటా చెప్తోంది. రహమత్బీ చాలాసేపు ఓపిక పట్టింది.

"సరస్సు కాడి ఇల్లు ఎప్పుడొస్తాది?"

"సరస్సా?"

"హెలెన్ మామ ఉండే ఇల్లు. ఆయప్ప మంచులో తప్పిపోయినాడు గదా."

శ్రీలత టీవీ చప్పుడు తగ్గించింది. "మామగారు ఈ కథలో లేరండీ. ఇంతవరకూ చూపించలేదు."

"శీతాకాలమంతా చూపించినారు. మా సుల్తానా దినామూ చెప్పింది."

"శీతాకాలంలో అసలు కొత్తవే రాలేదు కదండీ. పోయినేడు మే నెలలో అమెరికాలో సీరియళ్ళు రాసేవాళ్ళందరూ సమ్మె చేశారు. జూలైలో నటులూ వాళ్ళతో కలిశారు. నవంబరు దాకా ఎక్కడి షూటింగులు అక్కడే ఆగిపోయాయి. సెప్టెంబర్లో ఇవ్వాల్సిన టీవీ అవార్డులు కూడా ఈ జనవరిలో ఇచ్చారు. మేం ఏమీ లేక పాతవే తిప్పి తిప్పి చూశాం."

"మా ఇంట్లో టీవీ ఆడతానే ఉండె."

"పాతవే పెట్టుంటుందండీ," అంది శ్రీలత మెల్లగా. టీ పెడతానని లేచింది.

రహమత్బీ టీ తాగకుండానే వచ్చేసింది. మెట్ల మలుపులో కూర్చుంది. డాక్టరు చొక్కా గుర్తుకొచ్చింది. ఓట్స్ సంగటి గుర్తుకొచ్చింది. చదువుకున్నానని ఇద్దర్నీ కూర్చోబెట్టి ఎంత ఆట ఆడించావు పాపా అని ముందు కోపం వచ్చింది. ఒకామెకు కళ్ళు కనపడవు, ఇంకొకామె తల వంచి కూరగాయలు కోస్తుంది, ఇంతకంటే సులువైన జనం ఎక్కడ దొరుకుతారు? అట్లా అనుకునేసరికి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు కదా, ఎట్లా ఆపుకోవాలో తెలియక అబాయా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఏడుపు దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

ఆ తర్వాత భయమేసింది. అమెరికాలో ఆ ముసలాయన లేడు. రాసేవాళ్ళు పనిలోకి తిరిగొచ్చినా ఆయన సంగతి వాళ్ళకు తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ పేరు లేని రాతి కింద ఉంది. ఇప్పుడు ఎవరూ పిలవకపోతే ఆయన ఆ మంచులోనే ఉండిపోతాడు.

ఇంట్లోకి అడుగు పెట్టగానే మంచం మీద నుంచి గొంతు వచ్చింది.

"ఎక్కడికి పోతివి మ్మే?"

"శ్రీలతోళ్ళింటికి. సీరియల్ సూసొచ్చినా."

జైనాబీ లేచి కూర్చుంది. "వచ్చినాడా?"

సమ్మె సంగతి చెప్పేయడానికి రహమత్బీ నోరు తెరిచింది. నిజం చిన్నది, రెండు ముక్కల్లో అయిపోతుంది. కానీ అత్త రెండు చేతులతో మంచం పట్టెను పట్టుకుని ఉంది.

"హెలెన్ పోతాంది," అంది రహమత్బీ. గొంతు తనది కానట్టుంది. "లాంతరు పట్టుకోని."

"లాంతరెందుకు? సెల్లుకు లైటుంటాది గదా."

రహమత్బీ తడబడింది. "సలికి సెల్లు పని చేయలేదత్తా."

"ఊఁ. ఆ ఎముకలు కొరికే సలికి ఏదీ పని చేయదులే. చెప్పు."

"అడుగులు కనపడక నిలబడిపోయింది. పిలుస్తామంటే ఆయప్పను ఏమని పిలవాల్నో తెలీల్యా. ఇన్నాళ్ళూ ఒక్కసారన్నా పిలిచినట్టు లేదు. ఆకరికి, నాయనా, అని అరిసింది."

"పలికినాడా?"

గుమ్మం ముందు బూట్ల చప్పుడైంది. మహబూబ్ సుభాని డ్యూటీ దిగి, రేవు దగ్గర కొన్న చేపల సంచి పట్టుకుని వచ్చాడు. "రహమత్, చేపలు తెచ్చినా. ఇప్పుడే కడుగు, నిలవుంటే వాసనొస్తాయి," అన్నాడు. ఇంతలో తల్లి చెయ్యెత్తి ఆపింది.

"ఉండు రా. ముసలోడు దొరికేటట్టుండాడు."

అతను భార్య ముఖం వైపు చూశాడు. ఆ ఇంట్లో ఆమె ఇంత పెద్దగా మాట్లాడటం అతను విననేలేదు.

"పలకలేదత్తా," అంది రహమత్బీ. "దగ్గినాడు."

"యాడ?"

"ఇంటి ఎనకాల కట్టెల కొట్టంలో. ఆయప్ప యాడికీ పోలా. పొయ్యి ఆరిపోతాది, కోడలికి సలేస్తాదని కట్టెలకు పోయి, లేయలేక కూలబడినాడు. హెలెన్ ఊరంతా ఎతికింది."

జైనాబీ గాలి వదిలింది. "పిచ్చి ముండ, ముందు ఇంటెనకాల సూసుకోవద్దూ," అని కళ్ళు తుడుచుకుంది. "మళ్ళా? లోపలికి తీసకపోయిందా? మాట్లాడినాడా?"

మళ్ళీ ఏమైందో రహమత్బీకీ ఇంకా తెలియదు. అయినా గొంతులో తడి ఉంది. సంచి పట్టుకుని నిలబడే ఉన్న భర్త వైపు తిరిగింది.

"అవి ఫ్రిజ్జులో పెట్టు," అంది. "ఈ పొద్దు కడగను."

అతను సంచి లోపల పెట్టి, బూట్లు విప్పకుండానే వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు.