మూడో గడిలో సంతకం

పోయిన మంగళవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, మా వీధి మలేరియా సారు పోయారని చెప్పింది. ఆ సమయానికి నేను మలేరియా మీదే జరుగుతున్న ఒక శాస్త్ర సదస్సులో కూర్చుని నోట్సు రాసుకుంటున్నాను. ఆ తర్వాత ఒక్క ముక్క రాయలేకపోయాను.

ఆయన డాక్టరు కాదు. ఇందుకూరుపేట చుట్టుపక్కల సముద్రం ఒడ్డు ఊళ్లన్నీ సైకిల్ మీద తిరిగి, జ్వరం వచ్చినవాళ్ల వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద రక్తం చుక్క తీసుకెళ్లే ఆరోగ్య కార్యకర్త. వచ్చి వెళ్లినట్టు గుర్తుగా ప్రతి ఇంటి గోడ మీదా గళ్లు గీసి, తేదీ వేసి సంతకం పెట్టేవారు. “మనిషిని చూడకుండా తేదీ, పని చేయకుండా సంతకం పెట్టకూడదు పాపా” అనేవారు. సున్నం కొట్టేటప్పుడు ఆ గళ్లు చెరిపినందుకు మా నాన్నకు బాగానే అక్షింతలు పడ్డాయి.

నేను పరిశోధనలో చేరాక, సదస్సుల్లో ఏం చెప్పారో రాసిపెట్టే కుర్ర శాస్త్రవేత్తల బృందానికి పేరిచ్చాను. జీతం లేదు. ఇంట్లోవాళ్లు వెట్టిచాకిరీ అన్నారు. సంబరపడింది ఆయనొక్కరే.

“తెలుగులో నాక్కూడా చెప్పు. నేను పంపిన రక్తం స్లైడులు యాడికి పోయినాయో, వాటితో ఏం కనిపెట్టినారో ఇన్నేళ్లలో నాకెవురూ చెప్పలా” అన్నారు.

మొదటి సదస్సు అయ్యాక ఆయన వసారాలో కూర్చుని గంటసేపు చెప్పాను. నేను గొప్పగా ‘వెక్టర్ కంట్రోల్’ అంటే, “దోమల పని అనరాదా?” అని దిద్దారు. లేవబోతుంటే పెన్సిల్ తీసి గోడ మీద ఆరు గళ్లు గీశారు. మొదటి గడిలో తేదీ వేసి, “సంతకం నువ్వు పెట్టాల” అన్నారు. పెట్టాను. రెండోసారీ పెట్టాను.

మూడో సదస్సు తర్వాత నాలుగు రోజులు ఊళ్లోనే ఉన్నాను. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య మూడు ఇళ్లు. రిపోర్టు పంపాలని తలుపేసుకుని కూర్చున్నాను. తిరిగి వెళ్లేరోజు ఆటో ఎక్కుతుంటే గేటు దగ్గర నిలబడి అడిగారు.

“పాపా, ఈసారి ఏం చెప్పినారు?”

“మళ్లీ వచ్చినప్పుడు చెప్తాను సారూ, రైలు టైమైంది.”

“అట్నే, అట్నే. రైలు చూసుకో.”

ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం పేజీలు రాశాను. అడిగిన ఒక్క మనిషికి పది నిమిషాలు ఇవ్వలేకపోయాను. సిగ్గుగా ఉంది.

ఆయన పోయిన మూడో రోజుకి ఊరు చేరాను. ఆయన భార్య నన్ను వసారా గోడ దగ్గరికి తీసుకెళ్లింది. మూడో గడిలో, నేను ఆటో ఎక్కిన ఆ రోజు తేదీ ఉంది.

“నిన్ను చూసినాడు గదా, అందుకని తేదీ వేసినాడు. వచ్చి చెప్పినాక సంతకం పెడతాదిలే అన్నాడు” అంటూ పెన్సిల్ తెచ్చి నా చేతికిచ్చింది.

దాన్ని ఆమెకే తిరిగి ఇచ్చేశాను. తేదీ పక్కన చోటు అలాగే ఉంది.