పెద్దమ్మ రోమ్‌లో నడిచిన రోజులు

మా చిన్నప్పుడు ఒక ఎండాకాలం... మఠంపల్లిలో మా పెద్దమ్మ చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, తెల్ల కాన్వాస్ బూట్లు తొడుక్కుని, రోజూ సాయంత్రం రోడ్డు వెంట నడిచేది. వెనకాలే నేను. సిమెంటు లారీ పోయిందంటే ఇద్దరం పిండి చల్లినట్టు అయిపోయేవాళ్లం. అరుగుల మీది ఆడవాళ్లు ఆ బూట్లను చూసి మూతికి కొంగు అడ్డం పెట్టుకునేవారు.

"రోమ్‌ల అంతా నడుసుడేనట రోజీ... ఇప్పటి నుంచే కాళ్లకు అలవాటు చెయ్యాలె" అనేది పెద్దమ్మ.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. కోదాడ బడిలో సోషల్ టీచరు. పెళ్లి చేసుకోలేదు. మంచం పట్టిన అమ్మమ్మను చూసుకుంటూ, రోజూ బస్సులో బడికి వెళ్లొచ్చేది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు రోమ్ పాఠం చెప్పిన మనిషి. కోదాడ చర్చి వాళ్లు కొందరు యాత్రకు వెళ్తుంటే, "పోయి రా బిడ్డా, నాకేమైతది" అని అమ్మమ్మే పట్టుబట్టి పంపింది. మొత్తం తొమ్మిది రోజులు.

మిర్యాలగూడ నుంచి సెలవులకు వచ్చిన నేను అమ్మమ్మ దగ్గరే ఉండిపోయాను. పక్కింట్లోనే మామయ్య వాళ్లు.

రోజూ పొద్దుగూకే వేళకు మామయ్య సెల్‌ఫోన్‌కు పెద్దమ్మ చేసేది. అమ్మమ్మ చెవి దగ్గర ఫోను పట్టుకోవడం నా పని. ఆమెకు సగం వినబడేది కాదు... అయినా అన్నిటికీ నవ్వేది.

నాలుగో రోజు పొద్దున, టీ తాగి గోడవైపు తిరిగి పడుకున్న అమ్మమ్మ మళ్లీ లేవలేదు.

అమ్మా నాన్నా వచ్చేసరికి ఇంటి ముందు షామియానా వేశారు. లోపలి గదిలో మామయ్య, అమ్మ మాట్లాడుకోవడం విన్నాను.

"ఇంకా ఐదు రోజులున్నది. ఇప్పుడు చెప్తే అక్క, మనోళ్లెవ్వరు లేని దేశంల ఏడ్సుకుంట కూసుంటది. విమానాలు మారి ఒంటరిగా రాగలదా? వచ్చినంక చెప్దాం."

"అన్నా... అక్క మనల్ని క్షమిస్తదా?"

ఆ మధ్యాహ్నమే ఫాదర్ గారు వచ్చి ప్రార్థన చేశారు. అమ్మమ్మను సమాధుల తోటకు తీసుకెళ్లారు.

సాయంత్రం... ఫోను మోగింది.

ఇల్లంతా జనం. ఒక్కసారిగా అందరూ మాటలాపేశారు. మామయ్య ఫోను నా చేతిలో పెట్టి, నెమ్మదిగా "అమ్మమ్మ పడుకున్నదని చెప్పు" అన్నాడు.

"రోజీ, ఇయ్యాల పొద్దుటి నుంచి నడుస్తనే ఉన్నం" అంది పెద్దమ్మ. ఆమె గొంతు అంత సంతోషంగా నేనెప్పుడూ వినలేదు. "రాళ్లు పరిచిన సందులు... ఏ సందుల తిరిగినా ఓ నల్లా, నీళ్లు ఆగకుండ పారుతనే ఉంటయి. దోసిలి పట్టి తాగిన. ఓ పాత గుడి చూసినం, పైకప్పు నడిమిట్ల పెద్ద కన్నం. వాన పడితే లోపటికే. పుస్తకంల బొమ్మ చూపిచ్చి పిల్లలకు చెప్పిందంతా కండ్ల ముంగట ఉన్నది... అమ్మకియ్యి ఫోను."

"పడుకుంది పెద్దమ్మా."

"ఈ యాళప్పుడా? జ్వరం గిట్ల ఉన్నదా?"

"లేదు... తిని పడుకుంది."

"సరే, లేపకు. మంచిగ పడుకోనియ్."

ఫోను పెట్టేశాక ఎవరూ నా మొహం చూడలేదు. ఆ తర్వాత ఐదు రోజులు, రోజుకొక అబద్ధం చెప్పాను. స్నానం చేయిస్తున్నారని... ఫాదర్ గారు వచ్చారని... పదేళ్ల పిల్లకు అన్ని అబద్ధాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పటికీ తెలియదు.

మామయ్య కారు మాట్లాడుకుని హైదరాబాదుకు వెళ్లి ఆమెను తీసుకొచ్చాడు. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు చెబుదామనుకున్నాడట, నోరు రాలేదట. కోదాడలో పెద్దమ్మే బండి ఆపమంది. "అమ్మకు మెత్తటి అరటిపండ్లు తీసుకుంట" అందట. అప్పుడు చెప్పాడు.

ఇంటికొచ్చి, ఖాళీ మంచం పట్టె మీద కూర్చుంది. "ఏ రోజు?" అని అడిగింది.

"మంగళవారం" అంది అమ్మ.

"మంగళవారం..." పెద్దమ్మ తనలో తాను వెనక్కి లెక్కపెట్టుకుంది. "ఆ రోజు నేను ఎంత నవ్విన్నో..."

అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ రోమ్ గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. కెమెరాలోని రీలు కడిగించలేదు. బడిలో ఆ పాఠం వస్తే పక్క టీచరును చెప్పమనేదట.

ఇప్పుడు పెద్దమ్మ రిటైరై, మిర్యాలగూడలో మా ఇంట్లోనే ఉంటోంది. మొన్న చిక్కుళ్లు ఒలుస్తున్నప్పుడు, ఇన్నేళ్ల తర్వాత, ఆమెను క్షమాపణ అడిగాను.

"నువ్వు చిన్నపిల్లవు. నీ చేతిల ఫోను పెట్టిన పెద్దోళ్లం మేం తప్పు చేసినం అనుకో" అంది, ఆ పెద్దవాళ్లలో తానూ ఉన్నట్టు. ఇంకో చిక్కుడుకాయ అందుకుంటూ, "ఒక్కటి చెప్పు రోజీ... ఆ పొద్దున అమ్మ నన్ను యాది చేసిందా?"

తలుచుకుంది అనడం ఎంత తేలిక... నాలుక చివరి దాకా వచ్చింది. ఆగిపోయాను.

"తెలియదు పెద్దమ్మా. నేను బయట ఆడుకుంటున్నా. వినలేదు."

ఆమె తల ఊపింది. చేతిలోని చిక్కుడుకాయను ఒలిచి గిన్నెలో వేసింది. తర్వాత తనే, చిన్నగా, "ఆ గుడిల కన్నంల నుంచి ఎండ ఎట్ల పడుతదో తెల్సా..." అని మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది.

ఇప్పుడు ఏ దేశంలో ఉన్నా వీడియో కాల్ చేసి మొహాలు చూసుకుంటున్నాం. చావు కబురు దాచే వీలే లేదు. మేము మాత్రం దాచాం... ఆమె మేలు కోరే దాచాం.

మీ ఇంట్లోనూ ఎవరి దగ్గరైనా ఇలాంటి కబురు దాచారా? దాచినవాళ్లయినా, ఆలస్యంగా తెలుసుకున్నవాళ్లయినా... రాయండి. పెద్దమ్మకు చదివి వినిపిస్తాను.