తెర మీద పెట్టిన గాజు

థర్మాకోలు పెట్టెలోంచి ఊడివచ్చేటప్పుడు కీచుమంటుందే, ఆ శబ్దానికి నాకు పళ్ళు జివ్వుమంటాయి. నంద్యాలలో ఈ కంప్యూటర్ల షాపుకు రావడం వారంలో ఇది మూడోసారి. షాపాయన విసుక్కోకుండా ఇంకో పెట్టె విప్పుతున్నాడు. గోడ నిండా మానిటర్లు. అన్నింటిలోనూ ఒకటే రామచిలుక రెక్కలు విదిలిస్తోంది, ఒకదానిలో పచ్చగా, పక్కదానిలో మరీ పచ్చగా. ఇరవై నాలుగు అంగుళాలదా, ఇరవై ఏడా? చదునుదా, వంపుదా? కూర్చోలేను, నిలబడలేను. టీ తాగొస్తానని ఇప్పటికే రెండుసార్లు బయటికి పోయి వచ్చాను. స్కూలు ఆఫీసులో మార్కుల జాబితాలు చేసుకునేవాడికి, సాయంత్రం కూతురితో కాసేపు కారు రేసు ఆడేవాడికి ఇంత ఆరాటమేమిటని మీరు అడగవచ్చు. నా ఆరాటం తెర గురించి కాదు, ఆ తెర మీద రేపు పెట్టబోయే ముఖం గురించి.

“ఇంతకూ పనికా అన్నా, ఆటకా?” అన్నాడు షాపాయన, మూడోసారి.

తొమ్మిదేళ్ళ కిందట ఇదే ఊళ్ళో, వేరే షాపులో, ఇదే ప్రశ్న అడిగారు. అప్పుడు నా పక్కన బ్రహ్మన్న నిలబడి ఉన్నాడు. నేను తడుముకోకుండా “పనికే” అన్నాను.

బ్రహ్మయ్య ఆళ్ళగడ్డలో శిల్పి. అందరికీ బ్రహ్మన్న. దేవుళ్ళ విగ్రహాలు చెక్కే ఇళ్ళు ఆ ఊళ్ళో చాలా ఉన్నాయి గానీ, పోయినవాళ్ళ ముఖాలు చెక్కించుకోవాలంటే ఎక్కువమంది ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. డిగ్రీ అయి ఊరికే తిరుగుతున్న నన్ను “ఏం సామేలూ, ఆ కంప్యూటరేందో నాకు జూపిస్తావా?” అని పనిలో పెట్టుకున్నాడు. జనం ఫోన్లలో తెచ్చే మసక ఫోటోలను శుభ్రం చేసి, పెద్దవి చేసి ఇవ్వడం నా పని. ఆయన మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. ఎదురుగా ఎవరైనా కూర్చుంటే వాళ్ళ మాటలు వినకుండా ముక్కు కొలతలు తీస్తూ ఉండేవాడు. రాతి దుమ్ము కనుబొమల మీద పేరుకుని, నలభై అయిదేళ్ళకే ముసలివాడిలా కనిపించేవాడు.

పాత మానిటరు చిన్నది. ముఖాన్ని ముక్కలుగా ప్రింటు తీసి అతికించేవాళ్ళం. పెద్ద మానిటరు కొంటే మనిషి ముఖం అసలు సైజులో తెర మీదే పడుతుందని, దాని మీద పల్చటి కాగితం పెట్టి గీసుకోవచ్చని ఆయనకు చెప్పాను. అబద్ధం కాదు. అయితే నా మనసులో ఉన్నది వేరు. మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీసే గంటసేపు నేను కారు రేసు ఆడేవాణ్ణి. ఆ చిన్న తెరలో మలుపులు కనిపించేవి కావు. ఆయన నా మాట నమ్మి బస్సెక్కి నంద్యాల వచ్చాడు. ఇరవై నాలుగు అంగుళాల మానిటరును ఒళ్ళో పెట్టుకుని, ఎవరి మోచెయ్యీ తగలకుండా, పసిబిడ్డను తెచ్చినట్టు ఆళ్ళగడ్డకు తెచ్చాడు.

కాగితం పద్ధతి ఆయనకు బాగా నచ్చింది. నాకు మాత్రం తిక్క పట్టింది. కంప్యూటరు పాతది, మానిటరు పెద్దది, ఆట తడబడుతూ నడిచేది. అందుకని పాత తెర సెట్టింగే ఉంచి, బొమ్మను కొత్త తెర నిండా సాగేలా పెట్టాను. కారు రివ్వున పోయింది. తెర మీద ప్రతిదీ అడ్డంగా కొంచెం సాగింది, పదోవంతు కన్నా కాస్త ఎక్కువ. రెండు రోజులకు కంటికి అలవాటైపోయింది. తిరిగి మార్చాలని గుర్తే లేదు.

ఆ వారమే డోన్ పక్క పల్లె నుంచి లక్ష్మిదేవి అనే ఆమె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. భర్త బేతంచెర్ల నుంచి బండలు తోలే లారీ డ్రైవరట. ఏడాది తిథికి పొలంలో సమాధి మీద ఆయన విగ్రహం నిలబెట్టాలని ఆమె పట్టుదల. ఉన్నది ఒక్క ఫోటో, కొడుకు ఫోనులో. నేను దాన్ని నా ఫోనులోకి తీసుకుని, తెర మీద అసలు సైజుకు పెంచి పెట్టాను. బ్రహ్మన్న కాగితం అదిమి గీస్తూ, మధ్యలో ఆగాడు.

“మనిషి బొద్దుగా ఉండాడే?”

“లారీ డ్రైవరు గదన్నా, కూర్చునే పని. ఒళ్ళొచ్చింటాది” అన్నాను.

ఎంత తేలికగా అన్నానో ఆ మాట!

నెల తిరక్కముందే నల్లరాతిలో తల, భుజాలు తేలాయి. లక్ష్మిదేవి వచ్చి ఎదురుగా నిలబడింది. కొంగుతో విగ్రహం నుదుటి దుమ్ము తుడిచింది. చెంప మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది.

“ఈయన మా ఆయన గాదప్పా” అంది. “ఆయన బుగ్గలు ఇంత నిండుగ ఎప్పుడూ ల్యావు. ఇంత తిండి నేను పెట్టల్యా.”

బ్రహ్మన్న ఆమె కొడుకు ఫోను తీసుకుని చూశాడు, విగ్రహాన్ని చూశాడు. “తప్పు నాదమ్మా” అన్నాడు. “తిథి ఇంగ పదైదు దినాలుండాది గదా? పది దినాలకు రా.”

చెంపలు కాస్త చెక్కేస్తే సరిపోదా అని నేను గొణిగాను. “చెంపలు తగ్గిస్తా. కండ్ల మధ్య ఎడం ఎట్ల తగ్గిస్తావ్?” అని నా మీద కసిరాడు. కొత్త రాయి తీయాల్సిందే.

తర్వాత ఆయన లోపలికొచ్చి కంప్యూటరు ముందు చాలాసేపు కూర్చున్నాడు. టీ తెచ్చిన భార్య ఈశ్వరమ్మను ఒక గాజు అడిగాడు. ఆమె విస్తుపోతూ ఎర్ర మట్టిగాజు ఒకటి తీసి ఇచ్చింది. “ఇంతే గుండ్రం ఒగటి గియ్యి” అన్నాడు నాతో. గీశాను. గాజును తెరకు ఆనించాడు. నేను గీసిన గుండ్రం గాజుకు అటూ ఇటూ పొడుచుకొచ్చింది.

“ఇది గుండ్రమా, కోడిగుడ్డా?”

సెట్టింగు మార్చాను. గుండ్రం ముడుచుకుని గాజులో ఇమిడిపోయింది.

“ఇది మొదట్నించీ ఇట్లనే ఉన్నిందా, నువ్వేమన్నా జేసినావా?”

“మొదట్నించీ ఇట్లనేన్నా. మానిటరే అంత.”

ఆయన నా వైపు చూడలేదు. తెర వైపే చూస్తున్నాడు. తెర మూలన ఆట గుర్తు, చిన్న ఎర్ర కారు, మెరుస్తూ ఉంది. “సరేలే” అని లేచి, గాజును మానిటరు పక్కన మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు.

ఆ పది రోజులూ ఉలి చప్పుడు పొద్దున మొదలైతే దీపాలు పెట్టాక కూడా ఆగేది కాదు. ఆయన కుడి మణికట్టు వాచింది. పసుపూ సున్నం పట్టు వేసుకుని మళ్ళీ కూర్చునేవాడు. చెప్పేద్దామని లేచేవాణ్ణి, గుమ్మం దాకా పోయేవాణ్ణి, నీళ్ళు తాగి వెనక్కి వచ్చేవాణ్ణి. ఆటను కంప్యూటరులోంచి తీసేశాను. నోటిలోంచి నిజాన్ని మాత్రం తీయలేకపోయాను.

లక్ష్మిదేవి పదకొండో రోజు వచ్చింది. ఈసారి చెంప మీద పెట్టిన చెయ్యి తీయలేదు. “కొంచెం కోపంగా ఉండాడు” అంది, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. “అట్లనే ఉంటాడు.”

అప్పటి నుంచి పొద్దున్నే కంప్యూటరు పెట్టగానే గుండ్రం గీసి, గాజు ఆనించి, ఆయనను పిలిచి చూపించాలి. నాలుగేళ్ళు, ఒక్క పొద్దు తప్పకుండా. “వాళ్ళకు ఆ ముఖం ఒగటే మిగిలింటాది సామేలూ. దాంట్లో మనం చెయ్యి పెడ్తాండాం” అనేవాడు. నన్ను నమ్మక అలా చేయించాడో, పని మీద భయంతో చేయించాడో ఇప్పటికీ నాకు తెలియదు. స్కూలు ఉద్యోగం దొరికి నంద్యాల వచ్చేశాక కూడా పొద్దున కంప్యూటరు ముందు కూర్చుంటే చెయ్యి మేకు కోసం వెతికేది.

పోయిన వానాకాలంలో బ్రహ్మన్న పోయాడు. ఊరందరి ముఖాలూ చెక్కినవాడికి సరైన ఫోటో ఒక్కటీ లేదు. ఎవరిదో పెళ్ళిలో వెనక వరసలో నిలబడినది దొరికింది. ఏడాది లోపల నాయన విగ్రహం తనే చెక్కి నిలబెడతానన్నాడు బ్రహ్మన్న కొడుకు. “ఫోటోలోంచి ముఖం నువ్వే తియ్యల్లన్నా” అన్నాడు నాతో. వాళ్ళ మానిటరు ఎప్పుడో చెడిపోయింది. నాది చిన్నది. అందుకే ఈ తిరుగుడంతా.

ఫోటో కోసం పోయిన ఆదివారం ఆళ్ళగడ్డ వెళ్ళాను. ఈశ్వరమ్మ వదిన మేకు మీది గాజు తీసి పట్టుకుంది. ఆమె చేతులు బోసిగా ఉన్నాయి. “నావన్నీ తీసేసినారు. ఇదొగటి ఈడ ఉండిపాయ” అంది. ఇక ఆగలేకపోయాను. ఆట సంగతి, సెట్టింగు సంగతి, అబద్ధం సంగతి, అన్నీ చెప్పేశాను. ఆయనకు తెలుసునా వదినా, అని కూడా అడిగాను.

“నాకేం దెల్సు” అంది. చాలాసేపు గాజును వేళ్ళ మధ్య తిప్పింది. “ఆ పది దినాలు ఆయన చేత్తో బువ్వ తినల్యా. నేనే కలిపి పెట్టినా. ఈ మాట ఆపొద్దు ఆయనకు జెప్పాల్సింది, ఈపొద్దు నాకు గాదు.” క్షమించానని అనలేదు. గాజు నా చేతిలో పెట్టింది. “ఈ ముఖమన్నా సరిగ్గ తియ్యి.”

షాపాయన చిలకను ఆపేశాడు. నేను గుండ్రం గీసి, రుమాల్లో చుట్టి తెచ్చిన గాజు బయటికి తీశాను. ఆయన నోరు తెరిచి చూస్తున్నాడు. వంపు తెర మీద గాజు ఆనుకోలేదు, ఇక కాగితమేం నిలుస్తుంది? దాన్ని వదిలేశాను. ఇరవై నాలుగు అంగుళాల చదును తెర మీద పెట్టాను. గీత ఎక్కడా బయటికి రాలేదు. పైన, కింద, పక్కల, మళ్ళీ పైన చూశాను.

“పనికా అన్నా, ఆటకా?” ఈసారి నవ్వుతూ అడిగాడు.

“రెండిటికీ” అన్నాను.

ఆయన తలూపి బిల్లు రాయడానికి పోయాడు. ఇంత చిన్న మాట! ఆ రోజు చెప్పి ఉంటే బ్రహ్మన్న ఏమనేవాడో నాకు తెలుసు. “ఆడుకో, నాకేం? పని మాత్రం చెడగొట్టగాకు” అనేవాడు. అంతే అనేవాడు. నేను గాజును తెర మీద నుంచి తీయకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాను.